రెండో రాత్రి కరెంటు ఎందుకు పడిపోయింది: రుషికొండ ఎదుట ఒక చార్టర్ కాటమరాన్ కేసు

ఓనరు నాకు ఫోన్ చేసింది బ్యాటరీల కొటేషన్ కోసం. "మూడూ పోయాయండీ, ఈసారి లిథియం పెట్టేద్దాం, ఎంతవుతుందో చెప్పండి" అన్నారు. శుక్రవారం పొద్దున విశాఖ నుంచి రెండు రాత్రుల చార్టరుకి, అంటే అద్దె ప్రయాణానికి వెళ్ళిన పడవ, రెండో రాత్రి రుషికొండ ఎదుట లంగరు మీద ఉండగా కరెంటు పడిపోయింది. ఆదివారం సాయంత్రం దిగాల్సిన కుటుంబం తెల్లారగానే వెనక్కి వచ్చేసింది. ఫ్రీజర్‌లో చేపలు పాడయ్యాయి, కుళాయిలో నీళ్ళు లేవు, పిల్లలు ఉక్కపోతతో నిద్రపోలేదు. ఓనరు కొంత డబ్బు తిరిగి ఇవ్వాల్సొచ్చింది.

నేను పడవల ఎలక్ట్రికల్ పని చేస్తాను. కొటేషన్ ఇవ్వడం సులభమే. కానీ బ్యాటరీ ఖాళీ కావడం వేరు, పాడైపోవడం వేరు. కొత్తవి కొనేముందు పాతవాటిలోకి ఎంత కరెంటు వెళ్ళింది, ఎంత బయటికి పోయింది, ఏ దారిలో పోయింది అన్న లెక్క తేలాలి. ఆ లెక్క లేకుండా బ్యాటరీ మారిస్తే, అదే జబ్బు కొత్త బ్యాటరీకి అంటుకుంటుంది. ముందు పడవ చూస్తానని చెప్పి, జెట్టీ ఛార్జరు ఆన్ చేసి ఆ రాత్రంతా అలాగే ఉంచమన్నాను.

పడవ సంగతి కొంచెం చెప్పాలి. నలభై అడుగుల సెయిలింగ్ కాటమరాన్, అంటే రెండు హల్స్ (పడవ పొట్టలు) పక్కపక్కన కలిపి కట్టిన తెరచాప పడవ. నాలుగు క్యాబిన్లు, దాదాపు 7 మీటర్ల వెడల్పు. రెండు హల్స్ వెనక భాగాల్లో చెరొక డీజిల్ ఇంజిను, దాని కింద ప్రొపెల్లరుని తిప్పే సెయిల్‌డ్రైవ్. ప్రతి ఇంజినుకీ సొంత స్టార్టింగ్ బ్యాటరీ ఉంది. ఇవి కాక లైట్లు, ఫ్యాన్లు, ఫ్రిజ్, ఫ్రీజర్, మంచినీళ్ళ పంపు, టాయిలెట్లు, మ్యాప్ మీద పడవ ఎక్కడుందో చూపే ప్లాటరు, ఆటోపైలట్ అన్నీ నడిపేవి సర్వీస్ బ్యాటరీలు: 12 వోల్టులవి, 140 ఆంపియర్ అవర్స్‌వి మూడు ఏజీఎం (సీలు చేసిన లెడ్ యాసిడ్ రకం) బ్యాటరీలు, మొత్తం 420 ఆంపియర్ అవర్స్ (ఏహెచ్). లెడ్ యాసిడ్ జాతి బ్యాటరీ ఎక్కువ కాలం బతకాలంటే సగానికి మించి ఖాళీ చేయకూడదు. అంటే చేతిలో ఉన్నది నిజానికి 210 మాత్రమే.

వీటిని నింపేవి మూడు. జెట్టీలో ఉన్నప్పుడు ఛార్జరు. సముద్రంలో రెండు ఇంజిన్ల ఆల్టర్నేటర్లు, కాక్‌పిట్ పైకప్పు మీద 300 వాట్ల సోలార్ ప్యానెళ్ళు. ఆల్టర్నేటరు ముందు తన ఇంజిను బ్యాటరీని నింపుతుంది. దాని వోల్టేజీ 13.3 దాటాక ఒక రిలే (తనంతట తానే కలిసి, విడిపోయే స్విచ్) మూసుకుని, మిగిలిన కరెంటును సర్వీస్ బ్యాటరీలకు పంపుతుంది. ఇంజిను ఆపితే రిలే విడిపోతుంది. ఫ్రిజ్ రాత్రంతా తిరిగి సర్వీస్ బ్యాటరీలను ఖాళీ చేసినా ఇంజిను మాత్రం స్టార్ట్ అవ్వాలన్నదే ఈ ఏర్పాటు ఉద్దేశం. ఆ ఆదివారం పొద్దున రెండు ఇంజిన్లూ మొదటి సెల్ఫుకే అందుకున్నాయి, కాబట్టి ఆ భాగం సరిగ్గానే పనిచేసింది.

ఆ రెండు రోజులు ఏం జరిగిందో

కెప్టెన్ గారినీ, డెక్ మీద పనిచేసే జాలరిపేట కుర్రాడినీ విడివిడిగా కూర్చోబెట్టి అడిగాను. ఇద్దరి మాటా ఒకేసారి వింటే పెద్దాయన మాటే మిగులుతుంది.

శుక్రవారం ఫుల్ ఛార్జితో బయల్దేరారు. అవుటర్ హార్బర్ దాటేదాకా రెండు ఇంజిన్లూ నడిపారు. డాల్ఫిన్స్ నోస్ వెనకబడ్డాక తెరచాపలు ఎత్తి, ఆర్కే బీచ్, కైలాసగిరి మీదుగా ఉత్తరానికి తిరిగి, సాయంత్రానికి భీమిలి చేరారు. శనివారం భీమిలిలో పడవల దగ్గరే వంజరం కొని ఫ్రీజర్‌లో పెట్టించారు. మధ్యాహ్నం వెనక్కి బయల్దేరి, చీకటి పడేలోపు రుషికొండ ఎదుట ఇసుక అడుగున్న చోట లంగరు వేశారు. రాత్రి అన్నం రైస్ కుక్కర్లో వండుకున్నారు. కాఫీలకీ, పిల్లల పాలకీ ఎలక్ట్రిక్ కెటిల్ వాడారు. రాత్రి తొమ్మిదిన్నరకల్లా అందరూ పడుకున్నారు.

రెండుంపావుకి లో వోల్టేజీ అలారం మోగింది. కెప్టెన్ ఎడమ ఇంజిను స్టార్ట్ చేశారు. కుడి హల్ వెనక క్యాబిన్లో ఆ ఇంటి మామ్మగారు పడుకున్నారు, ఆవిడకి నిద్ర చెడకూడదని ఎడమదే నడిపారు. ఐడిల్ మీద గంటన్నర నడిచింది. ప్యానెల్ మీద మీటరు 14.2 చూపిస్తోంది. ఛార్జి ఎక్కిందనుకుని నాలుగు కావస్తుండగా ఇంజిను ఆపారు. ముప్పావు గంట కాకముందే ఎవరో టాయిలెట్ మీట నొక్కారు. ఆ మోటారు ఒక్కసారిగా దాదాపు 20 ఆంపియర్లు లాగుతుంది. వోల్టేజీ జారిపోయి ప్లాటరు ఆరి మళ్ళీ వెలిగింది. వెలిగినా, లంగరు జారితే హెచ్చరించే అలారం సెట్టింగు దాంతోపాటు పోయింది. అప్పుడు కెప్టెన్ చేసిన పని నాకు చాలా నచ్చింది. లంగరు దీపం ఒక్కటి తప్ప బ్రేకర్లన్నీ దించేసి, తెల్లారేదాకా ఒడ్డు మీద దీపాలను గుర్తు పెట్టుకుని డెక్ మీదే కాపలా కూర్చున్నారు.

ఆ కాపలా ఎందుకు ముఖ్యమో ఈ తీరం తెలిసినవాళ్ళకి చెప్పక్కర్లేదు. 2020 అక్టోబరులో వాయుగుండం గాలులకి లంగరు నిలవక బంగ్లాదేశ్ సరుకు ఓడ 'మా' కొట్టుకొచ్చి తెన్నేటి పార్కు దగ్గర రాళ్ళెక్కింది. అంత పెద్ద ఓడ సంగతే అలా ఉంటే మన పడవ ఎంత? పైగా వేటకెళ్ళే మరబోట్లు తెల్లవారకముందే అదే నీళ్ళ మీదుగా పోతాయి. లంగరు దీపం ఆరితే మనం అక్కడున్నట్టు వాళ్ళకి తెలియదు. అందుకే పడవలో కరెంటు పోవడాన్ని నేను సౌకర్యం సమస్యగా చూడను. చార్టరు పడవల వాళ్ళెవరూ అలా చూడకూడదు.

ముందు బ్యాటరీలు

రాత్రంతా ఛార్జి చేయించి, లోడు లేకుండా వదిలేసి చూస్తే 12.8 వోల్టులు. మూడింటినీ విడదీసి కొలిచినా తేడా లేదు. ఇది ఆశాజనకమే కానీ రుజువు కాదు. అరిగిపోయిన బ్యాటరీ కూడా ఖాళీగా కూర్చుని ఉన్నప్పుడు మంచి వోల్టేజీ చూపిస్తుంది. అందుకే లోడు పరీక్ష పెట్టాను. 420 ఏహెచ్ అన్న అంకె ఇరవై గంటల్లో ఖాళీ చేసే లెక్కన ఇచ్చింది, అంటే ఏకధాటిగా 21 ఆంపియర్లు. లైట్లు, ఫ్యాన్లు, కొన్ని పాత హెడ్‌లైట్ బల్బులు కలిపి సరిగ్గా అంత లాగేలా కట్టి, పది గంటలు నడిపించి, లోడు తీసి మళ్ళీ సేద తీరనిచ్చాను. 12.15 దగ్గర నిలబడింది. సగం వాడిన ఏజీఎం ఉండాల్సింది దాదాపు అక్కడే.

బ్యాటరీలు బాగున్నాయి. ఓనరుకి ఆ సాయంత్రమే చెప్పాను. ఆయన సంతోషించినట్టు అనిపించలేదు. మార్చేస్తే పోయే సమస్య కాస్తా, ఎక్కడుందో తెలియని సమస్య అయింది మరి.

కుడి హల్‌లో నీళ్ళు

కుర్రాడు చెప్పిన ఒక మాట దగ్గర ఆగాను. "కుడిపక్క బయటికి నీళ్ళు చిమ్ముతుండేవి సార్, గంటకోసారి. స్నానాల నీళ్ళనుకున్నాను." షవర్ నీళ్ళ గొట్టమూ, హల్ అడుగున చేరిన నీళ్ళు తోడే బిల్జి పంపు గొట్టమూ ఆ హల్‌కి బయట పక్కపక్కనే ఉన్నాయి. కానీ అర్ధరాత్రి ఎవరు స్నానం చేస్తారు?

ఫ్లోరు పలకలు ఎత్తితే బిల్జిలో, అంటే హల్ అడుగున నీళ్ళు చేరే చోట, బెత్తెడు లోతు నీళ్ళున్నాయి. అది చూడగానే కెప్టెన్ గారి ముఖం వాడిపోయింది. సెయిల్‌డ్రైవ్ హల్ అడుగులోంచి కిందికి దిగే చోట ఒక పెద్ద రబ్బరు సీలు ఉంటుంది. అది చిరిగితే నేరుగా సముద్రమే లోపలికి వస్తుంది. దాన్ని మార్చాలంటే పడవను ఒడ్డెక్కించాలి, 7 మీటర్ల వెడల్పున్న పడవని ఒడ్డెక్కించడం అంటే మామూలు ఏర్పాటు కాదు.

ఏ నీళ్ళో తేల్చుకోవడానికి ఖరీదైన పరికరం అక్కర్లేదు. ఒక గ్లాసుతో బిల్జి నీళ్ళు ముంచి, ఇంకో గ్లాసుతో సముద్రం నీళ్ళు ముంచి, రెండిట్లో ఒకే సబ్బు ముక్క రుద్దాను. సముద్రం గ్లాసులో సబ్బు తెల్లగా విరిగిపోయి తేలింది, నురగ రాలేదు. బిల్జి గ్లాసులో అంచుదాకా నురగ లేచింది. మంచినీళ్ళు. సీలు మీద అనుమానం అక్కడితో తీరింది.

మరి మంచినీళ్ళు ఎక్కడినుంచి? పంపు ఆన్ చేసి, కుళాయిలన్నీ కట్టేసి, హల్‌లో మాట్లాడకుండా కూర్చున్నాం. పడవలో మంచినీళ్ళ పంపుకి ప్రెషర్ స్విచ్ ఉంటుంది. గొట్టంలో ఒత్తిడి తగ్గితే తిరుగుతుంది, నిండితే ఆగుతుంది. కుళాయి ఏదీ తెరవకపోతే పంపు నిశ్శబ్దంగా ఉండాలి. మాది రెండేసి నిమిషాలకోసారి ఒక్క క్షణం గుర్రుమని ఆగిపోతోంది. ఎక్కడో నీళ్ళు జారుతున్నాయి. గొట్టం వెంబడి వేళ్ళతో తడుముకుంటూ పోతే ఇంజిను గది గోడకి ఆనించిన గీజరు దగ్గర చెయ్యి తడిసింది. ఈ గీజరు ఇంజిను కూలింగ్ నీళ్ళ వేడితోనే స్నానపు నీళ్ళు కాస్తుంది. ఒత్తిడి ఎక్కువైతే వదలడానికి దానికొక రిలీఫ్ వాల్వు ఉంది. కాగేటప్పుడు నాలుగు చుక్కలు కారడం సహజం. చల్లారాక మూసుకోవాలి. ఇది మూసుకోవడం లేదు. విప్పి చూస్తే వాల్వు కూర్చునే అంచు మీద బియ్యపు గింజంత తెల్లటి పెచ్చు ఇరుక్కుని ఉంది. ట్యాంకర్ బోరు నీళ్ళు నింపినప్పుడల్లా పేరుకున్న సున్నం అది.

కారేది గంటకి పది, పన్నెండు లీటర్లు. ఒక్కో ట్యాంకు 250 లీటర్లు. స్నానాలూ, వంటా కలిసి శనివారం అర్ధరాత్రికి వాడకంలో ఉన్న ట్యాంకు అడుగంటింది. అసలు నష్టం అక్కడినుంచి మొదలైంది. ట్యాంకు ఎండిపోయాక గొట్టంలో ఒత్తిడి ఇక ఎప్పటికీ రాదు. ఒత్తిడి రానిదే పంపు ఆగదు. 7 ఆంపియర్లు లాగుతూ, గాలి పీలుస్తూ, తెల్లవారుజాముదాకా తిరుగుతూనే ఉంది.

ఇది నా ఊహ కాదు, విన్న మనిషి ఉన్నారు. కుటుంబాన్ని ఫోన్లో వివరాలు అడుగుతుంటే మామ్మగారు ఫోన్ తీసుకుని అన్నారు: "మీ మోటారు అర్ధరాత్రి నుంచి ఆగలేదు బాబూ. మా ఇంట్లో సంపు ఎండిపోతే ఇలాగే అరుస్తుంది. లేచి చెబుదామనుకున్నాను, పాపం మీవాళ్ళు పడుకున్నారేమోనని ఊరుకున్నాను." మీటర్లు పట్టుకుని నేను తేల్చిన సంగతిని ఆవిడ మంచం మీద పడుకుని చెవితో తేల్చారు. ఆ మాట అప్పుడే కెప్టెన్ చెవిన పడి ఉంటే ఒక బ్రేకర్ దించడంతో సరిపోయేది.

ఇంకో సంగతి. రెండో ట్యాంకు నిండుగానే ఉంది. ట్యాంకు మార్చే వాల్వు వెనక క్యాబిన్ మంచం కింద ఉంది, అది ఉందని కుర్రాడికి తెలియదు. కుళాయిలు ఎండిపోయాయని పిల్లలకి సీసా నీళ్ళు పంచుతున్నప్పుడు, ఆ మంచం కింది వాల్వు ఒక్కటి తిప్పితే వచ్చే 250 లీటర్లు పడవలోనే ఉన్నాయి.

14.2 చెప్పిన అబద్ధం

పంపు ఒక్కటే దోషి కాదు. రెండుంపావు నుంచి గంటన్నర ఇంజిను నడిచాక కూడా బ్యాటరీలు ఎందుకు లేవలేదన్నది ఈ కేసులో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసిన ప్రశ్న.

ప్యానెల్ మీటరు కింద ఒక చిన్న నాబ్ ఉంది, మూడు స్థానాలు. ఎడమ ఇంజిను, సర్వీస్, కుడి ఇంజిను. అది ఎడమ ఇంజిను మీద ఉంది. అర్ధరాత్రి కెప్టెన్ చూసిన 14.2, ఎప్పుడూ నిండుగా ఉండే స్టార్టింగ్ బ్యాటరీది. రిలే మీద పచ్చ దీపం కూడా వెలుగుతోంది కాబట్టి కరెంటు అవతలికి పోతోందనే ఎవరైనా అనుకుంటారు. దీపం చెప్పేది రిలే మూసుకుందని మాత్రమే. అందులోంచి ఎంత పారుతోందో అది చెప్పదు.

సర్వీస్ బ్యాటరీలను కావాలనే బాగా వాడేసి, ఎడమ ఇంజిను స్టార్ట్ చేసి, రిలే నుంచి వచ్చే కేబులుకి, చుట్టూ పట్టి కరెంటు కొలిచే క్లాంప్ మీటరు తగిలించాను. 21 ఆంపియర్లు. కుడి ఇంజినుకి అదే పరీక్ష చేస్తే 48. కేబుల్ మందం ఒకటే, పొడవూ దాదాపు ఒకటే. అప్పుడు కరెంటు పారుతుండగానే దారి పొడవునా ఒక్కో జాయింటుకి అటూ ఇటూ మీటరు పెట్టి వోల్టేజీ ఎక్కడ పోతోందో చూసుకుంటూ వెళ్ళాను. ఆల్టర్నేటర్ నుంచి బ్యాటరీకి తేడా లేదు. రిలే అటూ ఇటూ తేడా లేదు. దాని తర్వాతి ఫ్యూజు హోల్డరు దగ్గర 1.3 వోల్టులు పోతున్నాయి. 21 ఆంపియర్ల దగ్గర 1.3 వోల్టులంటే 27 వాట్ల వేడి, కేబుల్ చివర బిగించే ఒక చిన్న లగ్గులో. దాని మీద వేలు నిలవలేదు.

విప్పితే బయటికి బాగానే ఉన్న లగ్గు, ప్లాస్టిక్ స్లీవు కోసేసరికి లోపలంతా పచ్చటి పొడి. టిన్ పూత లేని మామూలు రాగి తీగ వాడారు, చివర సీలు చేయలేదు. సముద్రపు తేమ తీగ పోగుల మధ్యకి పాకింది. ఈ పచ్చదనం ఉన్నచోట కరెంటు పూర్తిగా ఆగదు. కొద్దిగా పోనిస్తుంది. కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. పైగా ఆల్టర్నేటరు తన ముందున్న బ్యాటరీ వోల్టేజీనే చూస్తుంది. అక్కడ 14 దాటగానే అంతా నిండిందనుకుని ఉత్పత్తి తగ్గించేసుకుంటుంది. అవతల సర్వీస్ బ్యాటరీలు ఆకలితో ఉన్నా దానికి తెలియదు.

ఆ రాత్రి లెక్క ఇప్పుడు చూడండి. ఎడమ ఇంజిను నుంచి లోపలికి వచ్చేది 21కి మించదు. బయటికి పోయేది ఫ్రిజ్, ఫ్రీజర్ కంప్రెసర్లకి చెరో 5, ఎండిపోయిన ట్యాంకుతో తిరుగుతున్న పంపుకి 7, ఫ్యాన్లకీ ప్లాటరుకీ దీపానికీ ఇంకో 4. గంటన్నర డీజిలు కాలింది, బ్యాటరీలో ఏమీ మిగల్లేదు. కుడి ఇంజిను నడిపి ఉంటే ఆ రాత్రి గడిచిపోయేది. మామ్మగారి నిద్ర కోసం ఎడమది ఎంచుకోవడం మంచి మనసుతో చేసిన పని. చెడిపోయిన దారి అటువైపే ఉండటం దురదృష్టం.

పగలే మొదలైన లోటు

అయినా రెండో రాత్రికి బ్యాటరీలు అంత కిందికి దిగి ఉండటానికి కారణం పగటి వాడకంలో ఉంది. ఇద్దరినీ అడిగి రాసుకున్న వివరాలతో శనివారం పొద్దుటి నుంచి అలారం మోగేదాకా అంచనా వేశాను. బయటికి పోయినది దాదాపు 350 ఏహెచ్. ఇంజిన్లూ సోలారూ కలిపి తిరిగి ఇచ్చినది 150కి కాస్త అటూ ఇటూ. మొదటి రోజు కూడా లోటే, కానీ ఫుల్ ఛార్జితో బయల్దేరారు కాబట్టి పైకి కనపడలేదు.

ఖర్చులో పెద్ద వాటా ఫ్రిజ్, ఫ్రీజర్‌లది. ఐసు లేకుండా పెట్టిన వెచ్చటి వంజరం చల్లబడేదాకా ఫ్రీజర్ కంప్రెసర్ ఆగదు. ఫ్రిజ్ తలుపు ముందుకి తెరుచుకునే రకం. మజ్జిగ కోసం తెరిచినప్పుడల్లా చల్లగాలి కింది నుంచి జారిపోతుంది. ఆ తర్వాత ఇన్వర్టరు. 700 వాట్ల రైస్ కుక్కరు 12 వోల్టుల బ్యాటరీ నుంచి 65 ఆంపియర్లు లాగుతుంది. 1500 వాట్ల కెటిల్ 140 దాకా. ఇంట్లో గోడ ప్లగ్గుకి పెట్టేటప్పుడు ఎవరం ఇది ఆలోచించం, పడవ ఎక్కిన అతిథులు ఆలోచించాలని కోరుకోవడం కూడా న్యాయం కాదు.

గ్యాస్ పొయ్యి ఉండగా కుక్కరెందుకు? అతిథులు గ్యాస్ ముట్టుకోకుండా ఉంటే క్షేమమని ఓనరు పెట్టిన నియమం. ఆ భయంలో అర్థముంది. ఎల్పీజీ గాలికన్నా బరువు, లీకైతే పైకి పోదు, బిల్జిలోకి దిగి అక్కడే కూర్చుంటుంది. దానికి మందు కెటిల్ కాదు. వంట జరిగినంతసేపూ కుర్రాడు దగ్గరుండి, సిలిండర్ దగ్గరా, గ్యాస్‌ని కరెంటుతో తెరిచి మూసే సోలనాయిడ్ స్విచ్ దగ్గరా తనే తెరిచి, అయిపోగానే తనే కట్టేయాలి.

సోలార్ సంగతి చిన్నదే. లంగరు వేశాక బూమ్‌ని, అంటే తెరచాప కింది అడ్డకర్రని, మధ్యలోనే వదిలేస్తున్నారు, దాని నీడ మధ్యాహ్నమంతా ప్యానెళ్ళ మీద పడుతోంది. ప్యానెల్ మీద చేతి వెడల్పు నీడ పడినా ఆ వరసలోని సెల్స్ అన్నీ డీలా పడతాయి. తాడు వదులు చేసి బూమ్‌ని పక్కకి లాగి కట్టడం రెండు నిమిషాల పని.

ఏం మార్చాం

రిలీఫ్ వాల్వు కొత్తది. ఫ్యూజు హోల్డరూ, లగ్గూ కొత్తవి. ఈసారి టిన్ పూత కేబుల్, దాని చివర సీలు చేయడానికి గమ్ ఉన్న హీట్ ష్రింక్ (వేడికి ముడుచుకుని అతుక్కునే గొట్టం). బిగించాక అదే పరీక్ష మళ్ళీ పెడితే ఆ జాయింటు దగ్గర 0.1 వోల్టు, కేబుల్లో 55 ఆంపియర్లు. కుడివైపు ఇంజిను బెల్టు చుట్టూ నల్లటి పొడి రాలి ఉంది, బెల్టు జారుతోందన్నదానికి గుర్తు. అది మార్చి బిగిస్తే కుడివైపూ కరెంటు పెరిగింది. సర్వీస్ బ్యాటరీల నెగెటివ్ దారిలో షంట్ (పారే కరెంటుని కొలిచే భాగం) పెట్టి బ్యాటరీ మానిటర్ తగిలించాను. వోల్టేజీ చూసి ఊహించుకునే బదులు, ఎన్ని ఆంపియర్లు లోపలికి వస్తున్నాయి, ఎన్ని బయటికి పోతున్నాయి, ఎంత మిగిలిందన్నది ఇప్పుడు ఒకే తెర మీద కనిపిస్తుంది.

ఇంతకన్నా నేను పట్టుబట్టింది మనుషుల పద్ధతి గురించి. పడుకునేముందు మంచినీళ్ళ పంపు బ్రేకర్ దించాలి. రాత్రి అవసరానికి ప్రతి బాత్‌రూమ్‌లో ఒక బకెట్టు నీళ్ళు. కెటిల్ పడవ దిగిపోయింది. కుక్కరు రెండు ఇంజిన్లూ నడుస్తున్నప్పుడే. చేపలు ఐసు పెట్టెలోకి, ఫ్రీజర్‌లోకి కాదు. రోజుకోసారి ఫ్లోరు పలకలెత్తి రెండు హల్స్‌లోనూ బిల్జి చూసి పుస్తకంలో రాయాలి. లంగరు ఎత్తే మోటారు ఇంజిను నడుస్తుండగా మాత్రమే.

అతిథులకి పడవ చూపించేటప్పుడు కెప్టెన్ గారు ఇప్పుడు పంపు బ్రేకరూ, ట్యాంకు వాల్వూ చేత్తో తిప్పి చూపిస్తారు. పంపు చప్పుడు ఒకసారి వినిపించి, "కుళాయి తెరవకుండా ఈ శబ్దం వస్తే అర్ధరాత్రైనా సరే నన్ను లేపండి" అని చెబుతారు. ఇది నేను అడిగిన మార్పుల్లో అన్నిటికన్నా విలువైనదని నమ్ముతాను. పడవలో పడుకున్న ఎనిమిది మంది చెవులకంటే మంచి అలారం లేదు, వాళ్ళకి లేపే చనువు ఇస్తే చాలు.

లిథియం మాట ఓనరు ఇంకా వదల్లేదు. నేను వద్దనను. బరువు తక్కువ, లోతుగా వాడుకోవచ్చు. కానీ ఈ పడవలో ఉన్నట్టున్నట్టుగా పెట్టనివ్వను. లెడ్ బ్యాటరీ నిండే కొద్దీ కరెంటు తగ్గించుకుంటుంది, ఆల్టర్నేటరుకి ఊపిరాడుతుంది. లిథియం దాదాపు నిండేదాకా ఎంతిస్తే అంత తాగుతుంది. మామూలు రెగ్యులేటరున్న ఆల్టర్నేటరు అలా గంటలకొద్దీ పూర్తి లోడు మీద తిరిగితే వైండింగులు కాలిపోతాయి. జాయింట్ల సంగతి ఇంకా ప్రమాదం. కరెంటు రెట్టింపైతే పాడైన లగ్గులో వేడి నాలుగింతలవుతుంది, ఆ లగ్గు ఉన్నది డీజిలు గొట్టాల పక్కన. మొదటి ఫోన్ కాల్‌కే నేను కొటేషన్ పంపి బ్యాటరీలు మార్చేసి ఉంటే, ఆ పచ్చపొడి అక్కడే ఉండేది, దాని మీదుగా ఇంకా పెద్ద కరెంటు పారేది.

కాబట్టి వరస ఇలా ఒప్పుకున్నాం. ఈసారి పడవని ఒడ్డెక్కించినప్పుడు సెయిల్‌డ్రైవ్ సీళ్ళ తనిఖీతో పాటు రెండువైపులా ఛార్జింగు కేబుళ్ళు మొత్తం టిన్ పూతవి వేయాలి, ఆల్టర్నేటర్లకి వేడి చూసి తగ్గించుకునే బయటి రెగ్యులేటర్లు పెట్టాలి. బ్యాటరీల మాట ఆ తర్వాతే. ఈలోగా ఉన్న మూడు ఏజీఎంలూ చార్టర్లు నడుపుతున్నాయి. లంగరు మీద పొద్దున్నే మానిటర్ మీద ఎంత మిగిలిందో ఫొటో తీసి నాకు పంపే పని కుర్రాడు తీసుకున్నాడు.